సగం లేచిన చెయ్యి

చిత్తూరు సంతపేటలో మాది ఆరడుగుల అంగడి.
పద్దెనిమిదేండ్లుగా సిమ్ములు అమ్ముతాండా.
కువైట్‌కి పొయ్యే కుప్పమ్మకి,
సింగపూర్‌లో వెల్డింగు పని దొరికిన గజేంద్రకి,
మక్కాకి పొయ్యే ప్యారేజాన్ సాయిబుకి
రోమింగ్ ప్యాకు వేసి, చీటీ మీద రాసిచ్చిన దాన్ని:
"విమానం దిగతానే ఫోను ఆపి మళ్ళా పెట్టు.
తెలీని నంబరు మోగితే ఎత్తద్దు, బిల్లు నీకే."
నేను మాత్రం
మద్రాసు దాటి చూసిందాన్ని కాదు.

ఈ యేడు అందరికన్నా జాస్తి అమ్మినానని
కంపెనీ వాళ్ళు మలేషియాకి పంపినారు, ఐదు దినాలు.
అంగట్లో తమ్ముణ్ణి కూర్చోబెట్టి పోయినా.

చెంగల్రాయుడికి చెవులు వినబడవు, నోట మాట రాదు.
మా ఇద్దరి భాష ఏ బళ్ళోనూ చెప్పింది కాదు,
పొయ్యికాడా బోరింగుకాడా
నాలుగు చేతులు కూడి కట్టుకునింది.
మీసం మెలేస్తే నాయన.
పిడికిలి చెవి పక్కన ఊపితే గంగజాతర.
ముక్కు మీద గీత గీస్తే నేను,
ముక్కుపుడకతో వచ్చిన పేరది.

అందుకే నా ప్యాకులో
నూరు నిమిషాలు కాల్స్ అని చూసి నవ్వొచ్చింది.
మాకెందుకు నిమిషాలు?
మాకు కావల్సింది వెలుతురు, నెట్టు,
ఫోను ఆనించేదానికి ఒక చెంబు.

మొదటి రాత్రి హోటలు వైఫై
గది నంబరడిగింది, ఇంటిపేరడిగింది.
మాకు ఇంటిపేరెక్కడిది, ముందర ఒక అక్షరమేగా.
'ఎం' అని కొట్టినా. తప్పు.
మా ఆయన పేరు కొట్టినా. తప్పు.
చచ్చి పదకొండేండ్లయిన నాయన పేరు
మునస్వామి అని కొడితే
తలుపు తెరుచుకునింది.

తెర మీదికొచ్చి తమ్ముడు
గల్లాపెట్టెలో నోట్లు ఒక్కొక్కటే ఎత్తి చూపించినాడు.
ఊరెట్లుండాది అని చేత్తో అడిగితే
పద్నాలుగో అంతస్తు కిటికీకి ఫోను తిప్పినా.
ఏం కనబళ్ళేదంట వాడికి,
అద్దంలో నా మొగమే కనబడిందంట.

నాలుగోనాడు, కొండెక్కే బస్సులో
సిగ్నలు ఒక గీతకి దిగిపోయింది.
ఏమో చెప్తా చెప్తా తమ్ముడు
ఆడికాడికే బిగుసుకు పోయినాడు.
కుడిచెయ్యి నుదురుదాకా లేచి,
వేళ్ళు విచ్చుకోని.

ఆడినుంచి కిందికి దిగితే వాన.
నుదుటికి తగిలితే జరం.
ముందరికి విసిరితే, పోనీలే అని.
తెర మీద చక్రం తిరగతానే ఉండాది,
ఆ చెయ్యి కదల్లా.

టైపు చేద్దామంటే
అంకెలు తప్ప అక్షరాలు రావు వాడికి.
అప్పుడు పనికొచ్చినాయి ఆ నిమిషాలు.
పక్కంగడి పూల సెల్వికి కొట్టినా.
"ఉండాడక్కా, బానే ఉండాడు."
వాన?
"రవంత కూడా లేదు."
ఏం చెప్తాండాడో చూడు మే!
"ఆ చేతులు నాకేం తెలస్తాదక్కా?"
అంతే. మల్లెపూలు మూర ఎంతని
ఎవరో ఆమెని అడగతాండేది వినబడింది.
వేరే దేశంలో బస్సులో కూర్చోని
సంతపేట మల్లెల ధర విన్నా.

ఆ రాత్రి హోటల్లో నెట్టు లేదు.
పొద్దున్నే విమానం.
బిగుసుకున్న బొమ్మ దాచి పెట్టుకోనుండా ఫోన్లో.
మేఘాల మీద దాన్నే చూస్తా వచ్చినా,
పక్క సీటాయన దేవుడి పటమనుకున్నాడేమో
నేను చూసినప్పుడంతా తల వంచినాడు.

అంగటికొచ్చి, సంచి దించకముందే
బొమ్మ చూపించినా. ఇదేంది?
తమ్ముడు దగ్గరికి తీసుకోని చూసినాడు.
అంత ఎత్తుకే చెయ్యి లేపినాడు.
ఆపినాడు.
తర్వాత నవ్వినాడు, బల్ల మీద కొట్టుకుంటా,
కండ్లల్లో నీళ్ళొచ్చేదాకా.

ఈగంట.
ఆ పొద్దు ఈగలు జాస్తంట.

బొమ్మ ఇంకా తీసెయ్యలా.
ఎవరన్నా వచ్చి, దేశం పోతాండామక్కా, ప్యాకెంత అంటే
ధర చెప్పకముందు అడగతాండా:
ఎవరితో మాట్లాడల్ల?
వాళ్ళు నన్ను ఒక మాదిరిగా చూస్తారు.
పక్కన తమ్ముడు
ముక్కు మీద గీత గీసి పిలస్తాడు,
చిల్లర లెక్క తప్పినావు అంటాడు.